రష్యా హాస్టల్లో మొదటి చలికాలం: కాగితాలు, వంట, చలి ఎలా చూసుకోవాలి

ఆగస్టు రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, కుక్కర్ తెచ్చుకోవచ్చా?" "స్వెటర్లు ఎన్ని కొనాలి?" "మన ఏటీఎం కార్డు అక్కడ పనిచేస్తుందా?" రష్యాలో వైద్యం చదవడానికి వెళ్లే పిల్లల కన్నా వాళ్ల అమ్మానాన్నలే ఎక్కువ అడుగుతారు. నేను రష్యాలోని ఉఫా అనే ఊళ్లో ఆరేళ్లుండి వైద్యం చదివాను. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసిపెడుతున్నాను. ఉదాహరణలు ఎక్కువగా ఉఫావే. కానీ కజాన్ వెళ్లినా, ఒరెన్‌బుర్గ్ వెళ్లినా, పెర్మ్ వెళ్లినా పద్ధతి ఇంచుమించు ఇదే. ఏ కాలేజీ మంచిది, ఫీజెంత అన్న సంగతులు ఇందులో లేవు. చేరిపోయాక రోజులు ఎలా గడుపుకోవాలన్నదే చెబుతాను.

ముందే ఒక మాట. "అవన్నీ ఏజెంట్ చూసుకుంటాడు", "సీనియర్లు ఉన్నారుగా" అనుకుని వెళ్లకండి. వాళ్లు సాయం చేస్తారు, కాదనను. కానీ కాగితం మీద పేరు మీది. అందుకే ప్రతి పనికీ అది సరిగ్గా అయిందో లేదో మీరే ఎలా చూసుకోవాలో కూడా రాశాను.

ఇంటి దగ్గరే సర్దుకోవాల్సినవి

- పాస్‌పోర్టు, వీసా, ఆహ్వాన పత్రం, పదో తరగతి, ఇంటర్ మెమోలు, నీట్ స్కోర్‌కార్డు, హెచ్‌ఐవీ పరీక్ష రిపోర్టు. అన్నిటికీ నాలుగేసి జిరాక్సులు తీసుకోండి, ఫోన్లో ఫొటోలు కూడా పెట్టుకోండి.
- ఫొటోలు. అక్కడ ఎక్కువగా అడిగేది 3×4 సెంటీమీటర్ల సైజు. మన పాస్‌పోర్టు సైజు అంతకన్నా పెద్దది కాబట్టి రెండు రకాలూ తీయించుకోండి.
- డాలర్లు, నోట్ల రూపంలో. మడతలు, రాతలు, చిరుగులు లేని కొత్త నోట్లే అడిగి తీసుకోండి. మరకున్న నోటు బ్యాంకులో తీసుకోకపోవచ్చు. 10,000 డాలర్లకు మించి తీసుకెళ్తే కస్టమ్స్‌లో డిక్లరేషన్ రాయాలి.
- రెండు గుండ్రటి పిన్నుల ప్లగ్గు అడాప్టర్లు రెండు. కరెంటు మనలాగే 220 వోల్టులు. లాప్‌టాప్ మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం అక్కడి సాకెట్లో పట్టదు.
- అడుగు చదునుగా ఉన్న మూడు లీటర్ల కుక్కర్, దానికి అదనంగా ఒక గ్యాస్కెట్.
- చింతపండు, ఇంగువ, కారం, పసుపు, ఆవాలు, నీడన ఎండబెట్టిన కరివేపాకు, రెండు కిలోల కందిపప్పు.
- తెల్ల కోట్లు రెండు.
- మీరు రోజూ వాడే మందులు, డాక్టర్ చీటీతో సహా. కోడీన్ ఉన్న దగ్గు మందు, నిద్రమాత్రలు ఎవరిచ్చినా పెట్టుకోకండి. అక్కడ మందుల చట్టాలు చాలా కఠినం.

మామూలు స్వెటర్ ఒక్కటి చాలు. లావుపాటి స్వెటర్లు, లెదర్ జాకెట్, రగ్గులు వద్దు. వాటి బరువుకు పప్పు తెచ్చుకోండి.

1. ఎయిర్‌పోర్టులో ఇచ్చిన చిన్న కాగితం అక్కడే చదవండి

ఇమిగ్రేషన్ దగ్గర పాస్‌పోర్టుతో పాటు అరచేతిలో పట్టేంత కాగితం ఒకటి ఇస్తారు. అది మైగ్రేషన్ కార్డు. చాలామంది దాన్ని పాస్‌పోర్టులో పెట్టేసి మర్చిపోతారు. కౌంటర్ దగ్గర నుంచి కదలకముందే మూడు చూడండి: పేరు స్పెల్లింగ్, పాస్‌పోర్టు నంబరు, వచ్చిన పని. వచ్చిన పని దగ్గర "ఉచ్యోబా", అంటే చదువు అని ఉండాలి. వేరేది ఉంటే అక్కడే చూపించి మార్పించుకోండి. బయటికొచ్చాక మార్పించడం చాలా కష్టం. ఈ కాగితం దేశం వదిలే దాకా మీతో ఉండాలి.

2. రిజిస్ట్రేషన్ మొదటి రోజే అడగండి

మీరు ఏ చిరునామాలో ఉంటున్నారో ప్రభుత్వానికి తెలియజేయడమే రిజిస్ట్రేషన్. చట్టప్రకారం ఏడు పనిదినాలు గడువు. యూనివర్సిటీలు అంతకన్నా ముందే కాగితాలు ఇచ్చేయమంటాయి. చేసేది వాళ్లే, కాగితాలు ఇవ్వాల్సింది మాత్రం మీరు. హాస్టల్లో దిగిన మర్నాడే అంతర్జాతీయ విభాగానికి వెళ్లండి. పాస్‌పోర్టు తీసుకుంటే బదులుగా ఒక "స్ప్రావ్క", అంటే ధ్రువపత్రం అడగండి. దారిలో పోలీసులు ఆపితే అదే చూపించాలి. వేలిముద్రలు, వైద్య పరీక్షలు కూడా తప్పనిసరి. వాటి తేదీలు అదే రోజు అడిగి రాసుకోండి.

సరిగ్గా అయిందా అన్నది ఇలా చూసుకోండి. చేతికొచ్చిన స్లిప్పు మీద హాస్టల్ చిరునామా, చివరి తేదీ ఉంటాయి. ఆ తేదీకి నెలన్నర ముందు ఫోన్లో అలారం పెట్టుకోండి, వీసా పొడిగింపు పని అప్పుడే మొదలుపెట్టాలి. జనవరి 1 నుంచి 8 దాకా ఆఫీసులన్నీ మూసేస్తారు. మీ గడువు ఆ దగ్గర్లో ఉంటే ఇంకా ముందే పడండి.

అందరూ చేసే తప్పు ఒకటుంది. సెలవులకు ఇండియా వెళ్లొచ్చినా, హాస్టల్ మారినా, వేరే ఊళ్లో హోటల్లో ఉండి వచ్చినా పాత రిజిస్ట్రేషనే నడుస్తుందనుకుంటారు. తిరిగొచ్చిన ప్రతిసారీ అంతర్జాతీయ విభాగంలో చెప్పండి.

3. డబ్బు

2022 మార్చిలో వీసా, మాస్టర్‌కార్డ్ రష్యాలో సేవలు ఆపేశాయి. మన బ్యాంకు ఇచ్చిన కార్డుతో అక్కడ డబ్బు రాదు. మొదటి నెలా, నెలన్నరా నోట్లతోనే గడపాలి. డాలర్లు బ్యాంకు శాఖలోనే మార్చుకోండి, వీధిలో ఎవరైనా ఎక్కువ రేటిస్తానన్నా ఆగకండి. తర్వాత పాస్‌పోర్టుకు నోటరీ చేసిన రష్యన్ అనువాదం, రిజిస్ట్రేషన్, మైగ్రేషన్ కార్డు పట్టుకెళ్లి ఖాతా తెరిచి రష్యా వాళ్ల సొంత కార్డు "మీర్" తీసుకోండి. ఇండియా నుంచి డబ్బు ఏ బ్యాంకుకు చేరుతోందో ఈ ఏడాది సీనియర్లను అడగండి. రెండేళ్ల కిందటి సలహా ఇప్పుడు పనికిరాకపోవచ్చు.

"మీ నాన్నతో మా వాళ్ల ఖాతాలో రూపాయలు వేయించు, ఇక్కడ నీకు రూబుళ్లిస్తా" అనేవాళ్లు ప్రతి హాస్టల్లో ఉంటారు. ఒప్పుకోకండి. ఆ డబ్బు ఎక్కడిదో తేడా వస్తే రష్యాలో మీ ఖాతా, ఇండియాలో నాన్నగారి ఖాతా రెండూ ఆగిపోతాయి. మీ మీర్ కార్డు ఎవరికీ వాడుకోవడానికి ఇవ్వకండి. డబ్బుకు ఆశపడి కార్డు ఇవ్వడం 2025 జూలై నుంచి అక్కడ నేరం.

4. రెండు రోజుల్లో అక్షరాలు నేర్చుకోండి

భాష రావడానికి ఏళ్లు పడుతుంది. అక్షరాలకు రెండు రోజులు చాలు. ఇంగ్లిష్ అక్షరాల్లా కనిపించి మోసం చేసేవి నాలుగైదే: పి లా ఉన్నది "ర్", సి లా ఉన్నది "స్", హెచ్ లా ఉన్నది "న్", బి లా ఉన్నది "వ్". రెస్టారెంట్ బోర్డు మనకు "పెక్టోపా" లాగా కనిపిస్తుంది, కానీ అది "రెస్తొరాన్".

ఇక్కడ మన తెలుగు లిపి చాలా పనికొస్తుంది. రష్యన్ మాటల్ని ఇంగ్లిష్‌లో కాకుండా తెలుగులో రాసుకోండి. విన్నది విన్నట్టు రాయండి. పాలను "మొలొకొ" అని రాస్తారు, పలికేది మాత్రం "మలకో". ఈ తేడా తెలుగులో రాసుకుంటేనే గుర్తుంటుంది.

మొదటి వారానికి ఇవి చాలు:
- "పకెత్ నూజెన్?" షాపు కౌంటర్లో కవర్ కావాలా అని అడుగుతారు. వద్దంటే "నెత్".
- "క్తో పస్లేద్నీ?" లైన్లో చివర ఎవరు? డీన్ ఆఫీసులోనో క్లినిక్‌లోనో జనం చెల్లాచెదురుగా కూర్చుని ఉంటారు, లైన్ లేదనుకుని లోపలికి వెళ్లిపోకండి. ఈ మాట అడిగితే ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. వాళ్ల తర్వాత మీరు.
- "బెజ్ మ్యాసా." మాంసం లేకుండా. "గవ్యాదినా" గొడ్డుమాంసం, "స్వినీనా" పంది, "కూరిత్స" కోడి. సాసేజిల్లో కలిపేస్తారు కాబట్టి లేబుల్ చదవకుండా కొనకండి.

టీచర్లను సార్, మేడం అనకండి. మొదటి పేరు, తండ్రి పేరు కలిపి పిలవడం అక్కడి మర్యాద. మొదటి క్లాసులోనే ఆ రెండూ రాసుకోండి.

5. సిమ్, ఫోన్

2025 జనవరి నుంచి విదేశీయులకు సిమ్ కొనడం కష్టమైంది. కంపెనీ సొంత షాపుకు వెళ్లాలి, స్నిల్స్ (అక్కడి పింఛను బీమా) నంబరు, గోసుస్లుగి (ప్రభుత్వ సేవల వెబ్‌సైటు) ఖాతా, బయోమెట్రిక్ కావాలి. ఇవి అయ్యేసరికి కొన్ని వారాలు పట్టొచ్చు. అందాకా మీ ఇండియా సిమ్‌కు రోమింగ్ వేయించుకుని వెళ్లండి, హాస్టల్ వైఫై అడగండి. వేరే వాళ్ల పేరు మీదున్న సిమ్ తీసుకోకండి. ఇండియాలోనే యాండెక్స్ మ్యాప్స్, 2గిస్, యాండెక్స్ అనువాదం యాప్‌లు వేసుకుని ఊరి మ్యాపు, రష్యన్ భాష ఆఫ్‌లైన్‌లో దింపుకోండి.

6. హాస్టల్ వంటగది

ఎక్కువ ప్రశ్నలు వచ్చేది దీని గురించే.

అంతస్తుకో ఉమ్మడి వంటగది, నాలుగు కరెంటు పొయ్యిలు, మధ్యాహ్నం క్లాసుల తర్వాత అందరూ ఒకేసారి. ఇదీ పరిస్థితి. గదిలో కరెంటు పొయ్యి, హీటర్ పెట్టడం నిషేధం. హాస్టల్ పెద్ద, అంటే కమెందాంత్, తనిఖీకి వచ్చినప్పుడు దొరికితే తీసేసుకుంటారు. రైస్ కుక్కర్ కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, ముందే అడగండి.

బియ్యం. షాపుల్లో చౌకగా దొరికేది "క్రుగ్లజ్యోర్నీ", గుండ్రటి గింజ, క్రస్నదార్ వైపు పండుతుంది. వండితే ముద్దవుతుంది. పెరుగన్నానికి, పొంగలికి దానికి మించింది లేదు, పులిహోరకు మాత్రం పనికిరాదు. రోజూ కూరన్నానికి పొడవు గింజ "ద్లిన్నజ్యోర్నీ" గానీ, ఉప్పుడు బియ్యం "ప్రపారెన్నీ" గానీ కొనండి.

పప్పు. ఇక్కడే దాదాపు అందరూ మోసపోతారు. అరలో పసుపుపచ్చగా, సగం బద్దలుగా, అచ్చం మన శనగపప్పులా ఒక ప్యాకెట్ ఉంటుంది. నేను సంబరపడి రెండు కిలోలు కొన్నాను. అది "గరోఖ్", బఠానీ పప్పు. ఎనిమిది విజిల్స్ వచ్చినా పలుకు పోలేదు, చింతపండు పోశాక అసలు ఉడకడమే మానేసింది. వండితే తప్పేమీ లేదు, ముందురోజు రాత్రే నానబెట్టి, పూర్తిగా మెత్తబడ్డాకే పులుపు వేయాలి. రోజువారీకి "క్రాస్నయా చెచెవీత్స" కొనండి. అది మన ఎర్ర మైసూరు పప్పు, కుక్కర్ లేకపోయినా పావుగంటలో ఉడుకుతుంది. "మాష్" అంటే పెసలు, "నూత్" శనగలు, "మాన్కా" ఉప్మా రవ్వ. ఇవి చాలా షాపుల్లో ఉంటాయి.

నూనె. పొద్దుతిరుగుడు నూనె రెండు రకాలు. "రఫినీరవన్నయె" అని ఉన్నదే కొనండి. "నె" అన్న అక్షరాలు ముందుంటే అది గానుగ నూనెలాంటిది, సలాడ్ మీద చల్లుకుంటారు. దాంతో తాలింపు పెడితే పొగ, వాసన గదంతా పట్టేస్తాయి.

పెరుగు. కెఫీర్ పెరుగు కాదు. పల్చగా, నాలుక మీద కొంచెం చురుక్కుమంటుంది, మజ్జిగలా తాగొచ్చు. స్మెతానా అంటే పుల్లటి మీగడ. మనకు కావలసిన పెరుగు మనమే తోడు వేసుకోవాలి. 3.2 శాతం పాలు కాచి, వేలు పెట్టగలిగే వేడికి వచ్చాక, పంచదార లేని "నతురాల్నీ యోగుర్త్" ఒక చెంచా కలపండి. గిన్నెకు టవల్ చుట్టి గది హీటర్ పక్కన, అంటే "బతరేయా" పక్కన రాత్రంతా ఉంచండి. పొద్దున గిన్నె కొంచెం వంచి చూడండి. అంచు విడిచి ముద్దగా కదిలితే తోడుకున్నట్టు. నీళ్లలా కదిలితే ఇంకో రెండు గంటలు ఉంచండి. మరీ హీటర్ మీదే పెడితే విరిగిపోతుంది.

తాలింపు. ఎండుమిర్చి పొగకు ఫైర్ అలారం మోగుతుంది. ఐదంతస్తుల వాళ్లూ మంచులోకి దిగాలి. నూనె కాగాక ఆవాలు, జీలకర్ర వేసి మూత పెట్టండి. చిటపటలు ఆగాక పొయ్యి మీంచి దించి, అప్పుడు మిర్చి, ఇంగువ వేయండి. ఆ వేడికే అవి వేగుతాయి. కిటికీ తెరిచి, వంటగది తలుపు మూసి చేయండి. కొత్తిమీర పేరు "కింజా", దాని పక్కనే ఉండే "పెత్రూష్క" చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ వాసన వేరు. నలిపి చూసి కొనండి.

వంటయ్యాక పొయ్యి తుడవండి. మా అంతస్తు వంటగదికి అన్నం గంజి పొంగి ఎండిపోయినందుకే రెండుసార్లు తాళం పడింది, అందరం వారం పాటు బ్రెడ్డు తిన్నాం.

వండే ఓపిక లేని రోజు కాలేజీ "స్తలోవయా"కు, అంటే క్యాంటీన్‌కు వెళ్లండి. గ్రేచ్క (ఉడికించిన బక్‌వీట్ గింజలు), ఉడికించిన దుంపలు, సూపు దొరుకుతాయి. గ్రేచ్క మీద మన ఆవకాయ వేసుకుని తినండి, నిజంగా బాగుంటుంది.

7. చలి

సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ మొదటి రోజుల దాకా గదులు వణికిస్తాయి. రోజు సగటు ఉష్ణోగ్రత వరుసగా ఐదు రోజులు 8 డిగ్రీల కన్నా తగ్గితేనే ఊరంతటికీ హీటింగ్ వదులుతారు. ఇంటి నుంచి తెచ్చిన ఒక్క స్వెటర్ పనికొచ్చేది అప్పుడే. అదనంగా దుప్పటి కావాలంటే కమెందాంత్‌ను అడగండి. హీటింగ్ వచ్చాక గదిలో టీషర్టుతో ఉండొచ్చు.

ఉఫాలో జనవరిలో మైనస్ 20 మామూలే, కొన్ని రాత్రులు మైనస్ 30 కూడా చూశాం. అక్టోబర్ సగానికల్లా అక్కడే కొనుక్కోవాల్సినవి: ఒంటికి అతుక్కునే వెచ్చటి లోదుస్తులు "తెర్మబెల్యో" రెండు జతలు, తొడల దాకా వచ్చే ఈకల కోటు "పుఖవీక్", చెవులు మూసే టోపీ, బూట్లు. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి. షాపుకు ఉన్ని సాక్సులు వేసుకునే వెళ్లి, బూటులో కాలివేళ్లు కదిలించి చూడండి. వేళ్లు కదలకపోతే ఆ బూటు ఎంత ఖరీదైనా కాలు గడ్డకడుతుంది. మూడు సాక్సులు బిగించి తొడుక్కోవడం అందుకే తప్పు.

కోటు కొనేటప్పుడు మెడ వెనక లోపలివైపు తగిలించే చిన్న తాడు ఉందో లేదో చూడండి. దాన్ని "పెతెల్కా" అంటారు. కాలేజీలో కోటుతో క్లాసుకు రానివ్వరు. కింద గర్దెరోబ్‌లో, అంటే కోట్లు దాచే గదిలో ఇచ్చి నంబరు బిళ్ల తీసుకోవాలి. నా కోటు తాడు తెగి ఉంటే అక్కడి పెద్దావిడ కోటు వెనక్కి తోసేసి గట్టిగా కోప్పడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి సొరుగులోంచి సూదీ, నల్లదారం తీసి నా చేతిలో పెట్టింది. నేను కుట్టడం చూసి, దారం నోటితో తెంపబోతే కత్తెర ఇచ్చింది. ఆ తర్వాత ఆరేళ్లూ నన్ను పేరు పెట్టి పిలిచేది.

బయట ఉన్నప్పుడు చెంపలో, ముక్కో తెల్లబడి మొద్దుబారితే వెంటనే దగ్గర్లో ఏ భవనంలోకైనా వెళ్లండి. మంచుతో రుద్దకండి, వేడినీళ్లు పోయకండి, అరచేతితో కప్పి మెల్లగా వెచ్చబడనివ్వండి. తలస్నానం చేసి తడి జుట్టుతో బయటికి వెళ్లకండి. ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ ఉన్నట్టుండి చచ్చిపోతుంది. మార్చిలో మంచు కరిగేటప్పుడు గోడల పక్కన నడవకండి, పైకప్పుల నుంచి మంచు ఊచలు పడతాయి. జారే చోట అడుగులు చిన్నవిగా వేయండి, చేతులు జేబుల్లో పెట్టుకోకండి.

గదిలో గాలి పొడిబారి ముక్కులోంచి రక్తం రావచ్చు. రాత్రి తడి టవల్ హీటర్ మీద ఆరేయండి. డిసెంబర్‌లో పొద్దున తొమ్మిది దాటాకే తెల్లవారుతుంది, ఐదుకల్లా చీకటి. దిగులుగా, నిద్రమత్తుగా ఉండటం మీ ఒక్కరికే కాదు. ఎండ వచ్చిన ప్రతి మధ్యాహ్నం అరగంట బయట నడవండి. విటమిన్ డి గురించి డాక్టర్‌ను అడగండి.

8. క్లాసు మానితే

మానిన ప్రతి క్లాసుకూ "అత్రబోత్క" ఉంటుంది. అంటే ఆ విభాగానికి వెళ్లి ఆ పాఠం అప్పజెప్పి బాకీ తీర్చాలి. బాకీలుంటే జనవరి, జూన్ పరీక్షలకు కూర్చోనివ్వరు. జ్వరమొస్తే గదిలో పడుకుని ఊరుకోకండి, క్లినిక్‌కు వెళ్లి ఆ రోజే స్ప్రావ్క తీసుకోండి. తర్వాత వెనక తేదీ వేసి ఇవ్వరు. ప్రతి శుక్రవారం బాకీలు రాసుకుని, అదే వారంలో ఒకటైనా తీర్చండి. డిసెంబర్‌లో అందరూ ఒకేసారి క్యూ కడతారు.

9. జబ్బు, ప్రమాదం

అన్నిటికీ 112. అంబులెన్స్‌కు నేరుగా 103. అత్యవసర వైద్యానికి విదేశీయుల దగ్గర డబ్బు తీసుకోరు, మిగతా వైద్యానికి ఇన్సూరెన్స్ కావాలి. పాలసీ ఏ ఆసుపత్రికి వర్తిస్తుందో జబ్బు రాకముందే చూసుకోండి. హాస్టల్ చిరునామా రష్యన్‌లో రాసిన చీటీ కోటు జేబులో ఉండాలి. పాస్‌పోర్టు పోతే మాస్కోలో మన రాయబార కార్యాలయం ఉంది. సెయింట్ పీటర్స్‌బర్గ్, వ్లాదివొస్తోక్ కాన్సులేట్లతో పాటు 2025 నవంబర్‌లో కజాన్, యెకాటెరిన్‌బర్గ్‌లలో కూడా తెరిచారు.

10. ఈ రెండిటికీ దూరంగా ఉండండి

నదులు. వేసవిలో నిదానంగా కనిపిస్తాయి, లోపల నీళ్లు చల్లగా, లాగేసేలా ఉంటాయి. 2024 జూన్‌లో వెలీకీ నొవ్‌గొరొద్‌లో వోల్ఖోవ్ నదిలో నలుగురు భారతీయ వైద్య విద్యార్థులు చనిపోయారు. వసంతంలో గడ్డకట్టిన నది మీద నడవడం కూడా అంతే ప్రమాదం.

రెండోది, "హెల్పర్ ఉద్యోగం, మంచి జీతం, పౌరసత్వం" అని చూపించే కాంట్రాక్టులు. అలా నమ్మి సంతకం పెట్టి యుద్ధంలోకి వెళ్లిన మనవాళ్లలో హైదరాబాద్ కుర్రాడు కూడా ఉన్నాడు, ప్రాణంతో తిరిగి రాలేదు. చదవలేని రష్యన్ కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఎంత మంచివాడు చెప్పినా సరే.

11. ఇంటికి ఫోన్

2022 మార్చి నుంచి అక్కడ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లేవు. 2025 ఆగస్టులో వాట్సాప్, టెలిగ్రామ్ కాల్స్ మీద కూడా ఆంక్షలు వచ్చాయి. కొన్ని రోజులు మొబైల్ ఇంటర్నెట్టే ఉండదు. అందుకే వెళ్లేముందే కనీసం మూడు దారులు పెట్టుకోండి: అమ్మ ఫోన్లో రెండు వేర్వేరు కాలింగ్ యాప్‌లు వేసి వాడటం నేర్పండి, ఒక ఈమెయిల్ తెరిచి పెట్టండి. రూమ్మేట్ నంబరు మీ ఇంట్లో, మీ ఇంటి నంబరు రూమ్మేట్ దగ్గర కాగితం మీద రాసి ఉంచండి. ఉఫా టైము మనకన్నా అరగంటే వెనక, మాస్కో, కజాన్ అయితే రెండున్నర గంటలు. రోజూ ఒకే టైముకు "తిన్నాను" అని ఒక్క మెసేజ్ పెట్టండి. ఒకరోజు రాకపోతే నెట్ లేదనుకోవాలి, రెండో రోజు కూడా రాకపోతే రూమ్మేట్‌కు ఫోన్ చేయాలి అని ఇంట్లో ముందే మాట్లాడుకోండి. మా అమ్మ ఈ లెక్క క్యాలెండర్ మీద రాసుకుంది. మూడో ఏడాదికి వచ్చేసరికి ఒక్క రోజు నెట్ పోయినా టెన్షన్ పడటం మానేసింది.